వంటింటి కిటికీ దారి

ఇంటి నుంచి,
గాలి చల్లబడిన మొదటి వారం

నా కొక్కెం దొరసానికి,

నీ సూదిబాబు రాస్తున్నాడు. మొదటి శుభవార్త, నేను బతికే ఉన్నాను. రెండోది, ఇల్లు కూడా నిలబడే ఉంది. ఈ వారం ఈ రెండూ ఒకేసారి నిజం కావడం మామూలు విషయం కాదు.

"చలి ముదిరేలోగా కప్పు, పొగగొట్టం, కిటికీలు, నీళ్ళ గొట్టాలు చూసుకో, మిగతాది నేనొచ్చి చూసుకుంటా" అని చెప్పి నువ్వు లారీ ఎక్కేశావు. మిగతాదంటే ఏం మిగిలిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ అద్దె ఇళ్ళలో ఏదైనా కారితే ఇంటివాళ్ళు వచ్చేవారు, వాళ్ళు రాకపోతే నువ్వు నిచ్చెన ఎక్కేదానివి. నేను కింద నిలబడి మేకులు అందించేవాణ్ణి. ఇప్పుడిది మన సొంత ఇల్లు, మన మొదటి చలికాలం. పొద్దున్నే లేచి గోడను తట్టి "ఏమే, ఎలా ఉన్నావు" అని పలకరిస్తున్నాను. నవ్వకు.

మంగళవారం కుట్టుపని పక్కన పెట్టి కప్పెక్కాను. అవును, నేనే. చివరి రేకు గాలికి టపటపమంటోంది. మేకు కొడుతుంటే సుత్తి చేయి జారింది. సుత్తి వెళ్ళి నిచ్చెనకు తగిలింది. నిచ్చెన వెళ్ళి పూలకుండీల మీద పడుకుంది. పైన నేనూ ఒక పిల్లీ మిగిలాం. పిల్లి నన్ను ఒకసారి చూసి గోడ మీదికి దూకి వెళ్ళిపోయింది. నాకు ఆ విద్య రాదు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇంతలో భుజాన సంచితో ఒక పెద్ద మేస్త్రిగారు వీధిలో వెళ్తూ ఆగి తలెత్తి చూశారు. "ఏమయ్యా, దిగే ఉద్దేశం ఉందా, అక్కడే కాపురమా?" అన్నారు. నిచ్చెన ఎత్తి పెట్టారు. నేను దిగగానే తాను ఎక్కి, ఆ రేకును మూడు దెబ్బల్లో బిగించి, నేను కొట్టిన మేకులన్నీ పీకి నా చేతిలో పోశారు. "ఇవి గుండీలు కాదు, ఇలా వరసగా కుట్టడానికి" అన్నారు. ఆ పూటే కుదుర్చుకున్నాను. రేపటి నుంచి వస్తారు.

కాబట్టి నువ్వు అక్కడ నిశ్చింతగా ఇనుము ఎత్తుకో. ఇక్కడ నేనేం చేస్తున్నానో తెలుసా? ముందు తలుపుకి లోపలి నుంచి వేలాడదీయడానికి బొంత కుడుతున్నాను. పాత కోట్లన్నీ విప్పి, మధ్యలో దూది పెట్టి. ఆ పనిలో నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

నీ
సూదిబాబు


వంతెన పని శిబిరం,
లోయలో

సూదిబాబుకి,

నీ ఉత్తరం లారీ నడిపే తాతయ్య భోజనాల దగ్గర ఇచ్చాడు. చదివి పొలమారేలా నవ్వాను. పక్కనున్న వెల్డర్లు ఏమిటని అడిగితే, పిల్లి దాకా చదివి వినిపించాను. ఇప్పుడు శిబిరమంతా నిన్ను "కప్పు మీది అల్లుడు" అంటోంది.

ఇక్కడి సంగతులు వింటే ఎగిరి గంతేస్తావు. నిన్న మధ్య స్తంభం మీద మొదటి దూలం పెట్టాం. పెట్టాం ఏమిటి, పెట్టాను! లారీ అంత పొడవు దూలం నా క్రేన్ కొక్కేనికి వేలాడుతుంటే కింద అందరూ చీమల్లా తలలెత్తి చూస్తున్నారు. గాలి కాస్త ఆగేదాకా ఊపిరి బిగబట్టి, మీటను గోటితో నెట్టినట్టు నెట్టి దించాను. కూర్చున్న చప్పుడు కూడా రాలేదు. ఫోర్‌మన్ ఎవరినీ మెచ్చుకోడు కదా, టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయనకు అదే చప్పట్లు.

పొద్దున్నే క్యాబిన్ అద్దం మీద సన్నగా మంచు పేరుకుంటోంది. నా శ్వాసతో కరిగించి చూస్తాను. ఇంకెన్నాళ్ళో లేదు, మంచు గట్టిగా దిగగానే పని ఆపేస్తారు. ఇంటికొచ్చి మన పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని కూర్చునే రోజు తలచుకుంటే ఇక్కడి రగ్గు కూడా వెచ్చగానే ఉంటోంది. ఇంకో సంగతి కూడా ఉంది గాని, అది తేలాక రాస్తాను.

పనుల సంగతి. పొగగొట్టం లోపల చూడకుండా పొయ్యి వెలిగించావంటే నీకూ నాకూ చెడుతుంది. ఆ గొట్టం బయటి నుంచి చూస్తేనే నాకు నచ్చలేదు. మేస్త్రిగారికి అద్దం ఇచ్చి కింది నుంచి చూడమను. నీళ్ళ గొట్టాలకు గోనెపట్టా చుట్టు. ఆయన పేరేమిటి, ఎక్కడివాడు, ఇదివరకు ఎవరికి పనిచేశాడు, ఏదీ రాయలేదేం? నువ్వు బట్ట కొలిచేటప్పుడు చూపే శ్రద్ధ మనుషుల దగ్గర చూపవు.

నీ
కొక్కెం


ఇంటి నుంచి,
ఆకులు రాలుతున్నాయి

కొక్కెం దొరసానీ,

కూర్చుని చదువు. నిలబడి చదివితే గంతులేస్తావు.

మనకు కొత్త పొయ్యి వచ్చింది!

మేస్త్రిగారు అద్దం పెట్టి పొగగొట్టంలోకి చూశారు. చేయి లోపలికి పెట్టి ఒక పిట్టగూడు తీశారు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత పైనుంచి విరిగి పడిన ఇటుకలు. పొగ పోవడానికి నా వేలు పట్టేంత సందు కూడా లేదు. "దీన్ని వెలిగించి తలుపులు బిగించుకుని పడుకుంటే, పొద్దున్న మీరు లేచేవాళ్ళే కాదు" అన్నారు. మామూలు గొంతుతోనే అన్నారు. కానీ తర్వాత చాలాసేపు ఆ గూళ్ళను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు పాత పొయ్యి మొత్తం విప్పేశారు. అబ్బ, ఏం పని అది! ఒక్కొక్క ఇటుకను చెవి దగ్గర పెట్టుకుని వేలిముడితో కొట్టి వింటారు. ఖంగుమంటే ఇటు, మొద్దుగా పలికితే అటు. నాకూ నేర్పారు. నేను అటు వేసిందాన్ని ఇటు, ఇటు వేసిందాన్ని అటు మార్చి "నీకు చెవులు ఉన్నది కళ్ళజోడుకే" అన్నారు. బంకమట్టి నేను తొక్కాను. మోకాళ్ళ దాకా మట్టి. పెళ్ళికొడుకు కొలతలు ఇవ్వడానికి వచ్చినాయన నన్ను చూసి, దర్జీ ఎక్కడని నన్నే అడిగాడు.

పొయ్యి లోపల పొగ తిన్నగా పైకి పోదట. ఒకసారి పక్కకి, ఒకసారి కిందికి తిరిగి, వేడంతా గోడకిచ్చి అప్పుడు బయటికి పోతుందట. అంటే మన పడకగది గోడ కూడా వెచ్చగా ఉంటుందన్నమాట! నువ్వెప్పుడూ చల్లటి పాదాలు నా మీద పెడతావు చూడు, ఇక గోడకు పెట్టుకో.

కిటికీల సందులన్నీ లప్పం పెట్టి మూసేశాం, పైన నేను కుట్టిన పట్టీలు. చేయి పెట్టి చూస్తే చుక్క గాలి లేదు. ఒక్క వంటింటి కిటికీ మాత్రం మిగిలింది, అది చివర్న చేద్దామన్నారు. నిన్న మళ్ళీ కప్పెక్కి పొగగొట్టం తల కూడా కట్టేశారు.

మేస్త్రిగారికి పొగడ్త నచ్చదు. భోజనం పెడితే బయట మెట్ల మీదే కూర్చుని తింటారు. నువ్వు అడిగిన వివరాలు కనుక్కుని రాస్తాను.

నీ
సూదిబాబు


వంతెన పని శిబిరం

దర్జీగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నిజంగానే గంతేశాను. రెండోసారి చదువుతూ ఒక్కొక్క మాట కింద గీత గీశాను.

వచ్చారు, అన్నారు, చూశారు, తిన్నారు. నువ్వు ఫోర్‌మన్ గురించి రాసినా "వాడు" అని రాసే మనిషివి. ఈ మేస్త్రి ఆడో మగో తెలియకుండా ఎంత జాగ్రత్తగా రాశావు! నేను "ఆయన" అని రాస్తే కాదనలేదు, అవుననలేదు.

ఇటుకను చెవి దగ్గర పెట్టుకుని వేలిముడితో కొట్టి వినే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. ఆమె కట్టిన పొయ్యిల ముందే నేను పెరిగాను. "అక్కడే కాపురమా" అన్న మాట కూడా ఆవిడదే. మొదటి ఉత్తరంలోనే పట్టుకోవాల్సింది.

మా అమ్మ మన ఇంట్లో పనిచేస్తోంది. అంతేనా?

నీకు అన్నీ చెప్పాననుకున్నాను, మళ్ళీ చెబుతున్నాను. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకుంటూ పరంజా మీది నుంచి పడ్డాను. భుజం ఎముక విరిగింది. అతుక్కుంది. ఎముక అతుక్కున్నా ఆమె మాత్రం మారిపోయింది. నిచ్చెన ముట్టుకోనివ్వలేదు. కుర్చీ ఎక్కి డబ్బా తీసినా కేకలు. నాకేమో పైన ఉంటేనే ప్రాణం లేచొస్తుంది. క్రేన్ శిక్షణకు చేరిన రోజు, "నువ్వు ఆ డబ్బాలోకి ఎక్కావంటే నీ ఇంటి గడప తొక్కను" అంది. ఎక్కాను. తొక్కలేదు. మన పెళ్ళికి కూడా రాలేదు. తొమ్మిదేళ్ళుగా ఒక్క కబురు లేదు. నేను ప్రయత్నించాను, నీకు తెలుసు.

ఇప్పుడు నేను లేనప్పుడు చూసి నా ఇంట్లో పొయ్యి కడుతోందా? ఆ మనిషి నాకోసం వచ్చి ఉంటే నేను ఉన్నప్పుడు వచ్చేది.

తేలాక రాస్తానన్న సంగతి ఇదే. చలికాలం కూడా ఇక్కడ ఒక చిన్న బృందాన్ని ఉంచుతారట, నన్ను అడిగారు. వద్దని చెబుదామనుకున్నాను. ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు.

ఇంకొక్క ప్రశ్న. అరవై దాటిన మనిషిని కప్పు మీదికి ఎక్కించి నువ్వేం చేస్తున్నావు? ఆ కొన దగ్గర పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రేకు మీద మంచు పడి ఉంటే? నీకు బుద్ధుందా?


ఇంటి నుంచి,
నీ ఉత్తరం అందిన పూటే

నా ప్రాణమా,

ఈసారి హాస్యం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి రోజే గుర్తుపట్టాను. కోపం వస్తే ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేవడం నీ దగ్గర తప్ప నేనెక్కడా చూడలేదు. పాత పొయ్యి విప్పిన రోజు ఉండబట్టలేక "అత్తగారూ" అన్నాను. ఆమె ఉలిక్కిపడలేదు. "ఆ పిల్లకి రాశావంటే ఈ పని సగంలో వదిలేసి పోతాను" అన్నారు. పొయ్యి అప్పటికే విప్పేసి ఉంది. ఏం చేయను? నోరు మూసుకున్నాను. మూసుకుని తప్పు చేశానంటే తిట్టు, పడతాను.

ఆమె దారిన పోతూ ఆగలేదు. మనం ఇల్లు కొన్నామని ఎవరో చెబితే, చూసి పోదామని వచ్చి వీధి చివర నిలబడేవారట. చాలాసార్లు. "మీ పొగగొట్టం ఓ పక్కకి వాలింది. అది చూశాక నాకు కంటి మీద కునుకు లేదు" అన్నారు. లోపలికి రాలేరు, మాట ఇచ్చేశారు. పోలేరు, గొట్టం వాలింది. సరిగ్గా ఆ సమయంలో నేను కప్పు మీద ఇరుక్కున్నాను. నా జీవితంలో నేను చేసిన అత్యుత్తమ మేకుపని అది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమె నీ గడప తొక్కలేదు. ఇప్పటికీ తొక్కలేదు. బయట ఒక పీట వేసుకుని వంటింటి కిటికీలోంచి ఎక్కి లోపలికి వస్తారు. పని అయ్యాక అలాగే దిగి వెళ్తారు. ఇటుకలన్నీ నేను తలుపులోంచి తెస్తే, ఆమె కిటికీలోంచి వస్తారు. "అత్తగారూ, ఇదేం పట్టుదల" అంటే, "మాటంటే మాటే" అంటారు. ఆ కిటికీ మూయకపోవడానికి కారణం అదే. నీకు కోపం వచ్చినా, చదువుతూ ఒక్క క్షణం నవ్వు వచ్చి ఉంటుందని నాకు తెలుసు.

కప్పు సంగతి. నేను ఎక్కించలేదు, ఆపలేకపోయాను. నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డాను. దిగాక, "భయం వేయలేదా" అని అడిగాను.

"పైనున్నవాళ్ళకి పనుంటుందయ్యా. భయం కింద నిలబడి చూసేవాళ్ళకే" అన్నారు. కొంచెం ఆగి, "ఆ రోజు నేను కిందే ఉన్నా. చేతిలో తాపీ ఉంది, దాన్ని కింద పడేసి చేతులు చాపడం కూడా తోచలేదు నాకు" అన్నారు.

నువ్వు కనిపెట్టేశావని ఇవాళ చెప్పాను. సంచిలో పనిముట్లు సర్దుకున్నారు. నువ్వు వచ్చేలోగా వెళ్ళిపోతారట, వంటింటి కిటికీ ఒక్కటీ మూసేసి. నేను వెళ్ళమననూ లేదు, ఉండమని బతిమాలనూ లేదు. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు.

చలికాలం అక్కడే ఉంటావా, వస్తావా, నీ ఇష్టం. ఉంటే బొంతలు పంపిస్తాను. వస్తే తలుపు తీస్తాను. కానీ ఆమెను శిక్షించడానికి మాత్రం ఉండకు. అక్కడ చలి నీకే వేస్తుంది.

నీ
సూదిబాబు


వంతెన పని శిబిరం

అమ్మా,

ఇలా మొదలుపెట్టడానికి నాలుగు కాగితాలు చించాను.

నువ్వు కప్పెక్కావని చదివిన మర్నాడు నేను పనిలోకి వెళ్ళి క్రేన్ నిచ్చెన సగం ఎక్కాను. అక్కడ ఆగిపోయాను. నా గురించి కాదు. రేకు కొన మీద నువ్వు వంగి నిలబడ్డట్టు కనిపిస్తోంది. నేనేమో ఇక్కడ, పట్టుకోవడానికి లేదు, అరవడానికి లేదు, అప్పటికే అయిపోయిన పని అది. అయినా పై మెట్టు మీద చేయి వేయలేకపోయాను. దిగిపోయాను. ఫోర్‌మన్ అడిగితే కళ్ళు తిరిగాయన్నాను. ఆ రోజంతా కింద కూర్చుని నట్లు ఏరాను.

ఎవరు ఎక్కమన్నారు నిన్ను? నీ వయసెంత? ఇంకోసారి ఎక్కావంటే ఏం చేస్తానో తెలుసా? నీ గడప తొక్కనని రాద్దామనుకున్నాను. అది ఇదివరకే ఒకరు వాడేసిన మాట, ఏమీ లాభం లేదని ఆగాను.

తొమ్మిదేళ్ళు నువ్వు ఇలాగే ఉన్నావా, రోజూ?

శీతాకాలపు బృందానికి కుదరదని చెప్పేశాను. వస్తున్నాను. నేను వచ్చేసరికి నువ్వు వెళ్ళిపోతావట. వెళ్ళకు. కిటికీలోంచి వస్తావో, పొగగొట్టంలోంచి దిగుతావో నాకు అనవసరం. లోపల ఉండు.

నీ
పిట్ట


ఇంటి నుంచి,
మొదటి గడ్డమంచు పడిన ఉదయం

కొక్కెం దొరసానీ, కొక్కెం దొరసానీ,

కలం ఆగడం లేదు, అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో!

నీ ఉత్తరం అత్తగారికి బయటి నుంచి కిటికీలోంచే అందించాను. అప్పుడే లోపలికి దిగి, లప్పం కలపబోతున్నారు. బయటి నుంచి మూసేసి అటునుంచి అటే వెళ్ళిపోవాలని ఆలోచన. సంచి బయట పీట మీద సిద్ధంగా ఉంది. ఉత్తరం చదివారు. మడిచారు. మళ్ళీ విప్పి చదివారు. "నీ వయసెంత" అన్న చోట ఒక శబ్దం చేశారు. అది నవ్వో ఏడుపో నేను చెప్పలేను, నాకు చెవులు ఉన్నది కళ్ళజోడుకే కదా.

నేను మర్యాదగా ముందు గదిలోకి వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నాను. కుట్టలేదు, ఉట్టి చక్రం తిప్పుతున్నాను. వంటింట్లోంచి తాపీ గీకే చప్పుడు. చాలాసేపు. తర్వాత చప్పుడు ఆగింది. వెళ్ళి చూద్దును కదా, కిటికీ మూసేసి ఉంది. నాలుగు వైపులా లప్పం, అద్దంలా నునుపుగా. దాని మీద నా పట్టీ కూడా అతికించేసి ఉంది. అత్తగారేమో గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు.

"అత్తగారూ" అన్నాను మెల్లగా, "మీరు లోపల ఉండిపోయారు."

"నాకు కళ్ళు లేవా?"

"సంచి బయట ఉంది."

"నీకు కాళ్ళు లేవా? పోయి తీసుకురా అల్లుడూ, మంచుకి తాపీలు తుప్పు పడతాయి."

అల్లుడూ అన్నారు! అంతకుముందు దాకా నేను "ఏమయ్యా"ని. పరిగెత్తాను. సంచి తెచ్చాను. అప్పుడు నాకు ధైర్యం వచ్చి, "మరి మీ మాట?" అని అడిగాను. "గడప తొక్కనన్నాను. తొక్కలేదు. లోపలున్నదాన్ని ఉన్నానంతే. బయటికి పోయే పనే లేకపోతే గడపతో నాకేం పని?" అన్నారు. ఇంత తెలివైన మనిషితో తొమ్మిదేళ్ళు ఎలా పోట్లాడావే నువ్వు?

మధ్యాహ్నం ముందు తలుపుకి బొంత తగిలించాను. ఆమె చేత్తో ఒత్తి, తిప్పి, లోపలి కుట్టు చూశారు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. "ఊఁ" అన్నారు. మీ ఫోర్‌మన్ టోపీ తీసినట్టే.

రాత్రి పడుకోవడానికి పొయ్యి పక్క గది ఇచ్చాను. ఇల్లంతా వేడి, దొరసానీ! బయట చూస్తే తెల్లగా గడ్డకట్టింది, లోపల నేను చొక్కా చేతులు మడుచుకుని రాస్తున్నాను. త్వరగా రా. కింద ఆమె కూడా రాస్తానంటున్నారు, కాగితం వేరే కావాలట.

నీ
సూదిబాబు


పొయ్యి దగ్గర నుంచి

పిట్టా,

ఇప్పుడు నువ్వు వచ్చి పెద్ద మంట వేయమని గోల చేస్తావు. కుదరదు. కొత్త పొయ్యికి కొన్నాళ్ళు చిన్న మంటే వేయాలి. లోపలి తేమ మెల్లగా పోవాలి. తొందరపెడితే బీట వేస్తుంది. ఎండిన కట్టెలే వాడాలి. నీ మొగుడు కట్టెలు సన్నగా చీలుస్తాడు, దర్జీ చేయి. పనికొస్తాడు. మంచివాడు, మాటలే ఎక్కువ.

నువ్వడిగావు కదా రోజూనా అని. రోజూ. గాలి వీచిన రోజు మరీను. మా వీధిలో చెట్టు ఊగితే చూసి, అక్కడెంత గాలో అనుకునేదాన్ని.

పెళ్ళికి రావలసింది. వీధి మలుపు దాకా వచ్చాను.

నేను మళ్ళీ కప్పెక్కను. అవసరం పడితే తప్ప.

ఆ డబ్బాలో కూర్చుంటే ఏం కనిపిస్తుంది? ఎప్పుడూ అడగలేదు నేను.

అమ్మ


వంతెన పని శిబిరం,
పని ఆపేసిన రోజు

అమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. రేపు తెల్లవారగానే లారీలో బయలుదేరుతున్నాను. ఈ జవాబు కూడా అదే లారీలో, నా జేబులోనే వస్తుంది. లారీ తాతయ్య "మనిషే వెళ్తుంటే మళ్ళీ ఉత్తరమెందుకమ్మా" అని నవ్వుతున్నాడు. ఎదురుగా నిలబడితే మనిద్దరం మంట ఎంత వేయాలన్న దాని మీద పోట్లాట మొదలుపెడతామని ఆయనకు తెలియదు. అందుకే రాసి తెస్తున్నాను. గడపలోనే నీ చేతిలో పెడతాను.

ఏం కనిపిస్తుందని అడిగావు. ఇవాళ ఈ ఏటికి ఆఖరిసారి ఎక్కాను, నీకు చెప్పడానికే బాగా చూసుకున్నాను. ముందు నది. పై నుంచి చూస్తే అది పారుతున్నట్టు ఉండదు, ఎవరో పరిచి వదిలేసిన వెండి జరీలా ఉంటుంది. ఈ పోలిక అల్లుడిది కాదు, నాదే. అటూ ఇటూ మా వంతెన రెండు చేతులు, మధ్యలో ఇంకా కలవలేదు. మంచు కరిగాక ఆ ఒక్క దూలమూ నేనే పెడతాను. కొండ మీద మబ్బు దిగుతుంటే అది నాకంటే కిందికి వస్తుంది. ఒక్కోసారి గద్ద వచ్చి క్రేన్ కొమ్ము మీద కూర్చుని నా వంక చూస్తుంది, ఇది నా చోటు కదా అన్నట్టు. మనుషులు కనిపిస్తారు గాని, ముఖాలు కనిపించవు. నడకను బట్టి గుర్తుపడతాను. నువ్వు కింద నడిస్తే ఇట్టే పట్టేస్తాను.

నువ్వు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెబుతాను. భయం వేస్తుంది. రోజూ వేస్తుంది. పడిన దాన్ని కదా, నా భుజానికి అంతా గుర్తుంది. అందుకే ఏ మెట్టునూ నమ్మి ఎక్కను. ముందు చేయి వేసి గట్టిగా లాగి చూస్తాను, అప్పుడు కాలు పెడతాను. ఎంత తొందరున్నా సరే. కొత్తగా చేరిన వాళ్ళు వెక్కిరిస్తారు, ఎవరు నేర్పారమ్మా ఈ చాదస్తం అని. మా అమ్మ అంటాను. తొమ్మిదేళ్ళుగా రోజూ పైకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, ప్రతి మెట్టు దగ్గరా నీ మాటే విన్నాను. నిన్ను వదిలి ఒక్కసారి కూడా ఎక్కలేదు నేను.

చదవడం అయిందా?

అయితే ఇక తలెత్తి చూడు.

నీ
పిట్ట